శరదృతువు బీర్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఆకురాలు కాలంలో వచ్చే క్రాఫ్ట్ బీర్ల (చిన్న బ్రూవరీలు, అంటే చిన్న బీరు తయారీ కేంద్రాలు, చేసే బీర్ల) గురించీ, ఆ రోజుల్లో జరిగే బీరు ఉత్సవాల గురించీ అడగదలచినవి రాయమని కిందటి సంచికలో కోరాం. వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సందేహాన్ని వేర్వేరు మాటల్లో అడిగినవే కనుక అలాంటివాటిని కలిపి ఒక్కటిగా చేశాను. ఈ జవాబులన్నీ మద్యం తాగడానికి తమ చోట చట్టం అనుమతించే వయసు దాటినవారి కోసమేనని ముందే చెప్పుకోవడం నా బాధ్యత.

ప్రశ్న: వేసవి పూర్తిగా పోకముందే బ్రూవరీలన్నీ ‘శరదృతువు ప్రత్యేకం’ అంటూ కొత్త బీర్లు దించుతాయి. బీరుకు ఋతువేమిటి? ఇదంతా చీటీ మార్చి సరుకు అమ్ముకునే ఉపాయం కాదా?

జవాబు: మీ అనుమానంలో సగం న్యాయముంది. ఎండలు తగ్గకముందే గుమ్మడికాయ బొమ్మ వేసిన డబ్బాలు అంగళ్ళలోకి వచ్చేయడం వ్యాపారమే తప్ప ఋతుధర్మం కాదు. అయితే మిగతా సగం వెనుక చాలా పాత కథ ఉంది. యంత్రంతో చల్లదనం పుట్టించడం తెలియని రోజుల్లో బీరు తయారీ సేద్యం లాంటి పని, దానికీ ఒక అదను ఉండేది. వేసవి వేడిలో చేసిన బీరులో అక్కరలేని సూక్ష్మజీవులు చేరి, పీపా తెరిచేసరికి అది పులిసిపోయి ఉండేది. అందుకే జర్మనీ దక్షిణాన ఉన్న బవేరియాలో 1553లో వచ్చిన ఒక ఉత్తర్వు, సెప్టెంబరు 29న వచ్చే సెయింట్ మైకేల్ పండుగ మొదలుకొని ఏప్రిల్ 23న వచ్చే సెయింట్ జార్జ్ పండుగ వరకు మాత్రమే బీరు తయారుచేయాలని కట్టడి చేసింది.

వేసవి పొడుగునా తాగడానికి సరిపడే బీరును మార్చి నెలలోనే కాస్త ఘాటుగా తయారుచేసి, నేలమాళిగల్లో, చలికాలంలో చెరువుల మీద నుంచి కోసి తెచ్చిన మంచుగడ్డల మధ్య దాచేవారు. మాళిగ పైనున్న నేల వేడెక్కకుండా గులకరాళ్ళు పరిచి చెస్ట్‌నట్ చెట్లు నాటేవారు. ఆ నీడలో బల్లలు వేసి అక్కడికక్కడే అమ్మడం మొదలుపెట్టడంతో ఈనాటి బీరు తోటలు పుట్టాయి. మార్చిలో చేసిన బీరు కాబట్టి దానికి మెర్ట్సెన్ అనే పేరు వచ్చింది. కొత్త బార్లీ, బీరుకు చేదునిచ్చే కొత్త హాప్స్ పూలు చేతికొచ్చి మళ్ళీ పొయ్యి రాజేసేలోగా పాత పీపాలు ఖాళీ కావాలి గదా, ఆ ఖాళీ చేసే రోజులే శరదృతువు ఆరంభం. 1870వ దశకంలో జర్మన్ ఇంజినీరు కార్ల్ ఫన్ లిండె రూపొందించిన శీతలీకరణ యంత్రాలు మ్యూనిక్‌లోని స్పాటెన్ బ్రూవరీకి, ఆ తరువాత మిగతావాటికీ చేరడంతో ఆ అవసరం తీరిపోయింది. అవసరం పోయినా నాలుకకు అలవాటైన రుచి పోలేదు.

నా లెక్కలో శరదృతువు బీర్లలో కొన్ని ఆ ఋతువు లేకపోతే అసలు పుట్టలేనివి, కొన్ని ఒకప్పుడు ఋతువును బట్టి పుట్టి ఇప్పుడు ఆనవాయితీగా వస్తున్నవి, మరికొన్ని ఋతువు బొమ్మను మాత్రమే తగిలించుకున్నవి. పచ్చి హాప్స్ బీరు మొదటి కోవకు, మెర్ట్సెన్ రెండో కోవకు చెందుతాయి. మూడో కోవ గురించి చెప్పి ఎవరినీ నొప్పించకూడదనుకున్నాను గానీ, గుమ్మడికాయ బీరు గురించి ఇంకొకరు అడగనే అడిగారు కనుక అక్కడ కొంత నొప్పించక తప్పదు.

ప్రశ్న: మ్యూనిక్‌లో జరిగే బీరు ఉత్సవం అక్టోబర్‌ఫెస్ట్ పేరులో అక్టోబరు ఉన్నా అది సెప్టెంబరులోనే మొదలవుతుంది, ఎందుకు? ‘అక్టోబర్‌ఫెస్ట్’ అని రాసి ఉన్న సీసాలో ఉండేదీ, ఆ ఉత్సవంలో పోసేదీ ఒకే బీరా?

జవాబు: 1810 అక్టోబరు 12న బవేరియా యువరాజు లుడ్విగ్‌కు, సాక్స్-హిల్డ్‌బుర్గ్‌హౌసెన్ రాజకుమారి తెరేసాకు పెళ్ళి జరిగింది. ఆ సంబరాల చివరన, 17వ తేదీన, మ్యూనిక్ ఊరి బయటి మైదానంలో గుర్రప్పందెం నడిపారు. పందెం మరుసటి ఏడు కూడా జరిగింది, క్రమంగా అదే ఏటేటా జరిగే ఉత్సవంగా స్థిరపడింది. ఆ మైదానానికి పెళ్ళికూతురి పేరే పెట్టారు, ఇప్పటికీ అది తెరేసియెన్‌వీసెయే. అక్టోబరు రాత్రులు అక్కడ ఎముకలు కొరికేలా ఉంటాయి కనుక పోనుపోను ఆరంభాన్ని సెప్టెంబరుకు జరుపుకొన్నారు. ఈనాడు సెప్టెంబరులో ఒక శనివారం సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి మ్యూనిక్ మేయరు సుత్తితో కొట్టి మొదటి పీపాకు కుళాయి బిగిస్తారు. ఎన్ని దెబ్బలకు బీరు ధార కట్టిందో జనమంతా లెక్కపెడతారు, రెండు దెబ్బలకే పని ముగించిన మేయరుకు ఆ ఏడాదంతా గౌరవమే. ఆ పీపా తెరుచుకునేదాకా మిగతా డేరాల్లో ఎవరికీ చుక్క కూడా పోయరు.

ఇక రెండో ప్రశ్నకు జవాబు కాదనే. 1872లో మ్యూనిక్‌లోని ఫ్రాన్సిస్కానర్ బ్రూవరీ వారు అక్కడ అంబర్ రంగు మెర్ట్సెన్‌ను అమ్మిన తరువాత చాలా దశాబ్దాల పాటు ఆ ఉత్సవపు బీరంటే అదే. కానీ లీటరు గ్లాసు తరువాత లీటరు గ్లాసు తాగేవాడికి చిక్కటి మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) రుచి త్వరగా మొహం మొత్తిస్తుంది. అందుచేత బ్రూవరీలు రంగు తగ్గించి, ఒళ్ళు తేలిక చేసి, ఆల్కహాలును మాత్రం సుమారు 6 శాతం దగ్గరే నిలిపి, బంగారు రంగులో ఉండే ఫెస్ట్‌బీర్ అనే రకానికి మారాయి. ఇప్పుడు ఉత్సవపు డేరాల్లో ప్రధానంగా పోసేది ఇదే, అది కూడా మ్యూనిక్ నగరంలోని ఆరు బ్రూవరీలు చేసినదే అయి ఉండాలి. అమెరికాలోని క్రాఫ్ట్ బ్రూవరీలు మాత్రం ‘అక్టోబర్‌ఫెస్ట్’ పేరుతో ఎక్కువగా పాత తరహా మెర్ట్సెన్‌నే చేస్తున్నాయి. ఒకటి ఇటుక ఎరుపు, ఇంకొకటి గడ్డి పసుపు కనుక గ్లాసులో పోయగానే ఏది ఏదో తెలుస్తుంది. చల్లటి సాయంత్రం ఒకే ఒక్క గ్లాసు తాగాలంటే నేను ఎరుపునే ఎంచుకుంటాను, కాల్చిన రొట్టె పైపెచ్చు వాసన అందులోనే దొరుకుతుంది మరి.

ప్రశ్న: మేముండే దక్షిణార్ధగోళంలో శరదృతువు మార్చిలో వస్తుంది. మీ శీర్షిక మాకు వర్తిస్తుందా?

జవాబు: నిక్షేపంలా వర్తిస్తుంది. హాప్స్ తీగకు పంచాంగంతో పని లేదు, పగటి నిడివితోనే పని. న్యూజిలాండ్‌లోని నెల్సన్ ప్రాంతంలో హాప్స్ కోతలు ఫిబ్రవరి నెలాఖరు నుంచి మార్చి వరకు సాగుతాయి, కాబట్టి పచ్చి హాప్స్ బీరు మీకు ఆరు నెలల ముందే అందుతుంది. జర్మన్ ఆనవాయితీని చూసి సెప్టెంబరులో మెర్ట్సెన్ తాగితే మీకది వసంతకాలపు బీరవుతుంది. పేరు ప్రకారం చూస్తే మార్చిలో తాగే హక్కు మీకే ఎక్కువ!

ప్రశ్న: పచ్చి హాప్స్ బీరు అంటే ఏమిటి? ఇది మామూలు చేదు బీరు కంటే అంత గొప్పదా?

జవాబు: ఈ సంచికలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది, కాబట్టి జవాబు కాస్త పొడుగైతే మన్నించండి.

హాప్స్ అనేది పందిళ్ళ మీద ఐదారు మీటర్ల ఎత్తుకు పాకే తీగ. బీరుకు పనికొచ్చేది ఆడ తీగలకు వేలాడే లేతాకుపచ్చ పూమొగ్గలు. చూడడానికి అవి కాగితంతో చేసిన చిన్న దేవదారు కాయల్లా ఉంటాయి. ఒకదాన్ని తుంచి రెండు అరచేతుల మధ్య నలిపి చూస్తే రేకుల అడుగున పసుపు పచ్చని పుప్పొడి లాంటిది చేతికి అంటుకుంటుంది. దాని పేరు లుపులిన్, చేదూ సువాసనా రెండూ ఉండేది అందులోనే. అరచేయి ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు కోసిన గడ్డి, ఆ వెంటనే నిమ్మతొక్క, చివరన ఎక్కడో ఉల్లిపాయ తగులుతాయి. చేయి కడుక్కున్నా ఆ జిగురు సాయంత్రం దాకా వదలదు.

కోసిన పచ్చి హాప్స్ బరువులో సుమారు 80 శాతం నీరే. గుట్ట పోస్తే గంటల్లోనే వేడెక్కి నల్లబడతాయి కనుక కోసినవి కోసినట్టే బట్టీకి చేర్చి, తేమ 10 శాతం దగ్గరికి దిగేదాకా ఆరబెట్టి, బేళ్ళు కట్టి, ఏడాది పొడుగునా వాడుకుంటారు. ఆ బట్టీలో నీటితో పాటు చాలా తేలికైన సుగంధ తైలాలు కూడా ఆవిరైపోతాయి. పచ్చి హాప్స్ బీరు చేసేవాళ్ళు ఈ బట్టీని దాటవేస్తారు. ఉదయం కోసిన పూలు అదే రోజు, మహా అయితే మర్నాటికల్లా బాయిలరులో పడాలి. నీటి బరువు కూడా కలిసి ఉంటుంది కనుక ఎండు హాప్స్‌కు నాలుగైదు రెట్లు, ఒక్కోసారి అంతకు మించి వేయాలి. బాయిలరు గొంతు వరకు తడి పూలు నిండిపోయి, అవి పీల్చుకున్న బీరును తిరిగి పిండుకోలేక బ్రూవరీ సిబ్బంది పడే అవస్థ చూడవలసిందే. పొలం దూరమైతే లారీ రాత్రంతా నడవాలి, పొయ్యి వేళలు లారీని బట్టి మారాలి. ఋతువు లేకపోతే ఇది పుట్టలేనిదని పైన అన్నది ఇందుకే.

1996లో కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా బ్రూవరీ ఈ తరహాలో తన ‘హార్వెస్ట్ ఏల్’ను విడుదల చేశాక అమెరికాలో ఈ పద్ధతి వ్యాపించింది. ఆ దేశపు హాప్స్‌లో అత్యధిక భాగం పండేది వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయలో. అక్టోబరు మొదట్లో అక్కడ కేవలం పచ్చి హాప్స్ బీర్ల కోసమే ఒక ఉత్సవం జరుగుతుంది.

గొప్పదా అని అడిగారు. ఇది చేదులో గొప్పది కాదు, ఆ మాటకొస్తే చాలాసార్లు చేదు తక్కువే. ఎండు తులసికీ, అప్పుడే గిల్లిన తులసి రెమ్మకూ ఉన్న తేడా తెలిసినవారికి ఈ బీరు గొప్పదనం తెలుస్తుంది. అయితే ఆ పచ్చిదనం రెండు మూడు వారాలకు మించి నిలవదు, నెల దాటాక దాని కోసం వెతకడం శ్రమదండగ. చీటీ చదివేటప్పుడు ఇంకొక చిక్కు కూడా ఉంది. ఇంగ్లీషు చీటీల మీద కనిపించే ‘ఫ్రెష్ హాప్’ అన్న మాటను కొన్ని బ్రూవరీలు ఆరబెట్టని హాప్స్‌కు వాడితే, కొన్ని ఆ ఏడే కోసి అప్పుడే ఆరబెట్టిన హాప్స్‌కు వాడతాయి. ‘వెట్ హాప్’ అని ఉంటే మాత్రం అనుమానం అక్కరలేదు, తడి పూలు వేసినట్టే.

ప్రశ్న: గుమ్మడికాయ బీరు మూడు రకాలు తాగాను. ఒక్కదాంట్లోనూ గుమ్మడికాయ రుచి లేదు. నా నాలుకలో లోపమా, బీరులో లోపమా?

జవాబు: మీ నాలుక క్షేమంగా ఉంది. గుమ్మడికాయ గుజ్జుకు సొంత రుచి మొదటే స్వల్పం, ఉన్న కాస్త చక్కెరనూ ఈస్టు తినేశాక మిగిలేది దాదాపు శూన్యం. మీకు తగిలింది దాల్చినచెక్క, జాజికాయ, లవంగం, శొంఠి. అంటే బీరులో వేసింది గుమ్మడికాయ తీపి వంటకంలో వేసే మసాలా, గుమ్మడికాయ దానికి సాక్షి మాత్రమే. కొన్నింటిలో ఆ సాక్షి కూడా హాజరు కాడు.

అయినా ఈ బీరు పుట్టుక బూటకం కాదు. ఉత్తర అమెరికాకు వలస వెళ్ళిన తొలి తరాలవారు మాల్టు దొరకని చోట పులియబెట్టడానికి చేతికందిన గుమ్మడికాయనే వాడుకున్నారు, అప్పట్లో అది సంబరం కాదు, సర్దుబాటు. మాల్టు చవకయ్యాక దాన్ని వదిలేశారు. 1980వ దశకంలో కాలిఫోర్నియాలోని హేవర్డ్‌లో ఉన్న బఫెలో బిల్స్ బ్రూవరీ మళ్ళీ చేసినప్పుడు మసాలా తోడై, అది ఇప్పటి రూపానికి దారితీసింది. నాకు ఇది గ్లాసుడు ఎక్కువ, రెండు గుక్కలు చాలు. మసాలా సున్నితంగా వేసిన పోర్టర్ (ముదురు రంగు బీరు) రకం దొరికితే మాత్రం మాట మారుస్తాను, మాడిన మాల్టు చేదు పక్కన జాజికాయ మర్యాదగా ఉంటుంది.

ప్రశ్న: వచ్చే నెల మా దగ్గర స్థానిక బ్రూవరీలన్నీ కలిసి ఒక ఉత్సవం పెడుతున్నాయి. డెబ్బై ఎనభై రకాలు ఉంటాయట. మొదటిసారి వెళ్తున్నాను. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: మొట్టమొదట, అన్నీ రుచి చూడాలన్న ఆశ ఇంటి దగ్గరే వదిలి వెళ్ళండి. నా మొదటి ఉత్సవంలో గేటు దాటగానే కనిపించిన బల్ల దగ్గర 11 శాతం ఆల్కహాలున్న నల్లటి స్టౌట్ పోస్తుంటే, వరుస పొట్టిగా ఉంది కదా అని అక్కడే నిలబడ్డాను. తారులా చిక్కగా, కాఫీలా, బెల్లం పాకంలా బ్రహ్మాండంగా ఉంది. ఆ తరువాత తాగిన మెర్ట్సెన్‌లన్నీ గ్లాసు కడిగిన నీళ్ళలా అనిపించాయి. అవి చేసినవాళ్ళ ముందే ‘ఇందులో ఏమీ లేదే’ అన్నాను కూడా. లోపం నా వరుసలో ఉందని గంట తరువాత గానీ అర్థం కాలేదు. వరుస ఎప్పుడూ తేలిక నుంచి బరువుకు, లేత రంగు నుంచి ముదురుకు, తక్కువ చేదు నుంచి ఎక్కువ చేదుకు నడవాలి. మసాలా వేసినవీ, పుల్లటివీ చివరికి ఉంచుకోవాలి. రంగును చూసి బలాన్ని అంచనా వేయకండి. నల్లటి స్టౌట్ 4 శాతం ఉండవచ్చు, బంగారు రంగు ఏల్ (వెచ్చగా పులియబెట్టే బీరు రకం) 9 శాతం ఉండవచ్చు, ఆ అంకె బల్ల మీది పలక పైనే రాసి ఉంటుంది.

జాబితా ముందే దొరికితే అందులో ఏడెనిమిదింటికి గుర్తు పెట్టుకోండి. పచ్చి హాప్స్ బీర్లు ఉంటే అవి తప్పనిసరి. అవి నెలాఖరుకు ఉండవు, స్టౌట్ చలికాలంలోనూ దొరుకుతుంది. సాయంత్రం చెయ్యి ఖాళీ ఉండని బ్రూవరీ మనిషి తెరిచిన మొదటి గంటలో మాట్లాడడానికి తీరికగా ఉంటాడు కనుక తొందరగా వెళ్ళండి. ‘మీ బీర్లలో ఏది మంచిది’ అని అడిగితే అన్నీ మంచివే అంటాడు. ‘ఈసారి ఏది మీరు అనుకున్నట్టు రాలేదు’ అని నవ్వుతూ అడిగి చూడండి, అరగంట పాఠం ఉచితంగా వింటారు.

పోసే కొలత కూడా చూసుకోవాలి. 1982లో కొలరాడోలోని బౌల్డర్‌లో 22 బ్రూవరీలతో మొదలై, ఇప్పుడు డెన్వర్‌లో జరిగే గ్రేట్ అమెరికన్ బీర్ ఫెస్టివల్‌లో ఒక్కో రుచికి సుమారు 30 మిల్లీలీటర్లే పోస్తారంటే అది పిసినారితనం కాదు. మీ ఉత్సవంలో 100 మిల్లీలీటర్లు పోస్తే సగం పోయమని అడగండి. నచ్చనిది పారబోయడానికి బకెట్లు పెడతారు, వాటిని వాడడం అవమానం కాదు. కడుపు నిండా తిని వెళ్ళడం, ప్రతి గ్లాసుకూ ఒక గ్లాసు మంచినీళ్ళు తాగడం, ఒంటికి అత్తరు పూసుకోకుండా వెళ్ళడం కూడా మరవకండి. మీ పక్కనున్నవారి బీరంతా మల్లెపూల వాసన వేస్తే మీకేమిటి గానీ, వారికి కష్టమే.

ప్రశ్న: నేను తాగను. స్నేహితులు లాక్కెళ్తున్నారు. అక్కడ నాకు పనేముంటుంది?

జవాబు: రెండు పనులున్నాయి, రెండూ ముఖ్యమైనవే. మొదటిది, తిరుగు ప్రయాణంలో వాహనం మీ చేతిలో ఉంటుంది. చాలా ఉత్సవాలు వాహనం నడిపేవారికి వేరే టికెట్టు ఇస్తాయి, దాంతో మంచినీళ్ళూ శీతలపానీయాలూ అందుతాయి. రెండోది, మీ ముక్కు సాయంత్రం దాకా చెక్కుచెదరదు. మాల్టు గింజలూ హాప్స్ పూలూ గిన్నెల్లో పోసి వాసన చూడనిచ్చే బల్లలుంటాయి, వాటి దగ్గర తాగినవారికన్నా మీకే ఎక్కువ తెలుస్తుంది. 0.5 శాతం మించని ఆల్కహాల్ రహిత బీర్లు కూడా ఇప్పుడు చాలా బాగా వస్తున్నాయి. ఆ అర శాతం కూడా వద్దనుకుంటే పూర్తిగా సున్నా అని రాసి ఉన్నవి అడగండి.

బెల్జియంలోని పొపెరింగెలో మూడేళ్ళకోసారి సెప్టెంబరులో, చెక్ దేశపు జాటెట్స్‌లో ఏటా జరిగే హాప్స్ ఉత్సవాలు అసలు కోత పండుగలు, బీరు వాటిలో ఒక భాగం. మీ స్నేహితులను ఈసారి అలాంటి ఉత్సవానికి మీరే లాక్కెళ్ళండి.

ప్రశ్న: లీటరు గ్లాసు తాగితే ‘ఒక్క బీరే తాగాను’ అనవచ్చా?

జవాబు: అనవచ్చు, శరీరం ఒప్పుకోదు. లీటరు బీరులో 6 శాతం అంటే 60 మిల్లీలీటర్ల ఆల్కహాలు, బరువులో సుమారు 47 గ్రాములు. 355 మిల్లీలీటర్ల 5 శాతం బీరులో ఉండేది సుమారు 14 గ్రాములు. అంటే మీ ‘ఒక్కటి’ మూడుకు పైమాటే. శరీరం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములనే కరిగించుకోగలదు, కాబట్టి ఆ ఒక్క గ్లాసు లెక్క తేలడానికి ఐదు నుంచి ఏడు గంటలు పడుతుంది. కాఫీ, చన్నీళ్ళ స్నానం, మజ్జిగ ఈ వేగాన్ని పెంచవు. ఉత్సవంలో 100 మిల్లీలీటర్ల చొప్పున పది రుచులు చూసినవారు కూడా ఇదే లీటరు తాగినట్టు, పైగా వాటిలో బలమైనవి ఉంటే ఇంకా ఎక్కువే. ఎంత తాగినా హాని లేదనగల పరిమాణం ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. గర్భిణులు, మందులు వాడుతున్నవారు, మానుకోవాలని ప్రయత్నిస్తున్నవారు ఈ లెక్కల జోలికే రానక్కరలేదు.

ప్రశ్న: బీరు ఎంత చల్లగా ఉంటే అంత రుచి అంటారు. బ్రూవరీ వాళ్ళేమో మరీ చల్లగా వద్దంటారు. ఎవరి మాట వినాలి?

జవాబు: బ్రూవరీ వాళ్ళ మాట వినండి. గడ్డకట్టే చల్లదనంలో వాసన పైకి లేవదు, నాలుక మొద్దుబారుతుంది, అప్పుడు మంచి బీరుకూ నాసి బీరుకూ తేడా ఉండదు. ఫెస్ట్‌బీర్, మెర్ట్సెన్ లాంటి లాగర్లు (చల్లగా పులియబెట్టే బీర్లు) 5 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ దగ్గర, బ్రౌన్ ఏల్, పోర్టర్ లాంటివి 10 నుంచి 12 డిగ్రీల దగ్గర బాగుంటాయి. కొలమానం అక్కరలేదు. ముదురు బీరును ఫ్రిజ్‌లో నుంచి తీసి పావుగంట బల్ల మీద ఉంచండి, ఒక గుక్క మొదట్లో, ఒకటి మధ్యలో, ఒకటి చివరన తాగండి. మొదటి గుక్కలో కనబడని చాక్లెట్ మూడోదానిలో కనబడుతుంది.

గ్లాసు విషయంలో ఒక మాట. నూనె మరక తగిలిన గ్లాసులో నురగ నిలవదు, గ్లాసు గోడలకు బుడగలు అతుక్కుని కనిపిస్తే అది సరిగా కడగలేదనే అర్థం. పెదాల రంగు, నూనె పలహారం తిన్న పెదవి కూడా నురగను చంపుతాయి. నురగను మోసంగా భావించి గ్లాసు వంచి అంచు దాకా పోయించుకునేవారున్నారు. రెండు వేళ్ళ మందం నురగ ఉంటేనే వాసన పైకి వస్తుంది, లోపలి వాయువు కొంత బయటకు పోయి కడుపు ఉబ్బరం తగ్గుతుంది.

ప్రశ్న: కిందటి శరదృతువులో కొన్న నాలుగు సీసాలు దాచాను. ఇప్పుడు తాగవచ్చా?

జవాబు: తాగితే ప్రమాదమేమీ లేదు, ఆనందం మాత్రం సీసాను బట్టి ఉంటుంది. పచ్చి హాప్స్ బీరైతే ఎప్పుడో చచ్చిపోయింది. మెర్ట్సెన్ అయితే తడిసిన అట్టపెట్టె వాసన వచ్చి ఉంటుంది, అది లోపల మిగిలిన ప్రాణవాయువు చేసిన పని. 9, 10 శాతం దాటిన స్టౌట్ లేదా బార్లీ వైన్ (పేరులో వైన్ ఉన్నా ఇది బలమైన బీరే) అయితే మీరు అదృష్టవంతులు, అవి ఏడాదికి మెత్తబడి ఎండు ఖర్జూరంలా తయారవుతాయి. ఇంతకీ సీసాలు ఎక్కడ దాచారన్నది రాయలేదు. ఆకుపచ్చ లేదా తెల్ల గాజు సీసాపై ఎండ పడితే హాప్స్‌లోని చేదు పదార్థం విరిగి నిమిషాల్లోనే దుర్వాసన పుడుతుంది. ముదురు గోధుమరంగు గాజు దీన్ని చాలావరకు ఆపుతుంది, డబ్బా పూర్తిగా ఆపుతుంది. కిటికీ పక్కన అందంగా వరుస పేర్చిన సీసాల్ని చూస్తే నాకు జాలి వేస్తుంది.

ప్రశ్న: స్నేహితులు ‘బిస్కట్ వాసన, ఆరెంజ్ తొక్క, పైన్ చెట్టు జిగురు’ అంటూ ఏవేవో చెబుతారు. నాకు బీరు బీరులాగే ఉంటుంది. నటించాలా?

జవాబు: నటించవద్దు, ఇంట్లో ఒక సాయంత్రం కేటాయించండి చాలు. ముందు బీరు లేకుండానే మొదలుపెట్టండి. ముక్కు గట్టిగా మూసుకుని చిటికెడు దాల్చినచెక్క పొడి నాలుక మీద వేసుకోండి. తీపీ చేదూ కాని దుమ్ము లాంటిదేదో తగులుతుంది. ఇప్పుడు ముక్కు వదలండి, దాల్చినచెక్క ఒక్కసారిగా నోరంతా నిండుతుంది. మనం రుచి అనుకునేదాంట్లో అధిక భాగం నోటి వెనుక దారిన ముక్కుకు చేరే వాసనే. అందుకే బీరు గుక్క మింగిన వెంటనే నోరు మూసి ముక్కుతో మెల్లగా గాలి వదిలితే అప్పటిదాకా లేనిదేదో తెలుస్తుంది.

తరువాత ఒక మెర్ట్సెన్, ఒక హాప్స్ ఘాటున్న ఏల్, ఒక పోర్టర్ తెచ్చి మూడు చిన్న గ్లాసుల్లో తలా 50 మిల్లీలీటర్లు పక్కపక్కన పోసుకోండి. ఒక్క బీరును వర్ణించడం ఎవరికైనా కష్టం, మూడింటి మధ్య తేడా చెప్పడం పిల్లవాడికైనా సులువు. పక్కన కాల్చిన రొట్టె ముక్క, నారింజ తొక్క, కాఫీ గింజలు నాలుగు పెట్టుకుని ఒక్కొక్కటి వాసన చూసి, వెంటనే గ్లాసు వాసన చూడండి. ‘అది ఇదే’ అని మీ అంతట మీరే అంటారు. మధ్యలో ఉప్పు లేని రొట్టె, మంచినీళ్ళు ఉండాలి. కారపు చిరుతిళ్ళు మాత్రం ఆ గంట సేపు పక్కన పెట్టండి, చేదు కారాన్ని రెచ్చగొడుతుంది.

మీకు తోచిన పోలిక పైన్ జిగురు కానక్కరలేదు. ఒక పాఠకురాలు ఒక పచ్చి హాప్స్ బీరును ‘వాన వెలిసిన వెంటనే తీసిన గడ్డివాము అడుగు’ అని వర్ణిస్తూ రాశారు. ఆ బీరు నేనూ తాగాను, నాకు అంతకన్నా సరైన మాట దొరకలేదు.